బొటనవేలి దారం

పెత్తరమాస, 1962. కొత్తకోట. ఇంట్లో ఉన్నవాళ్లు: అవ్వ, కొడుకు నర్సయ్య, కోడలు లచ్చమ్మ, మూడేళ్ల మనుమరాలు, కిరాయికున్న నేను. మగ్గం బంద్. అవ్వ నిద్రపోతోంది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారు, ఆ తర్వాత జరిగిన సంగతి. సర్వే శాఖలో పంచనామాలు రాసీ రాసీ పట్టుబడిన పద్ధతి అది. చివరి వాక్యం చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది, ఒక ముసలామె నిద్రపోవడం కూడా రాసుకునే సంగతేనా అని. ఆ ఇంట్లో ఆ ఏడాది అంతకన్నా పెద్ద సంగతి మరొకటి జరగలేదు.

మొన్న నాకు తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. నొప్పి తగ్గడానికి సూది వేసి, నర్సమ్మ నా వేలికి చిన్న క్లిప్పు తగిలించింది. దాని నుంచి ఒక తీగ పక్కనున్న మిషన్‌లోకి పోతోంది. ఇదెందుకు బిడ్డా అని అడిగాను. "ఈ సూదికి ఊపిరి మందగిస్తది తాతా. నిద్రలో మీరు శ్వాస మరిచిపోతే ఇది మొత్తుకుంటది" అంది. నేను ఆ తీగను చూస్తూ పడుకున్నాను. కళ్లు మూతలు పడుతున్నకొద్దీ తీగ చివర మిషన్ మసకబారి, గుంత మగ్గంలో కూర్చున్న లచ్చమ్మ కనబడసాగింది. తెల్లారి మా అబ్బాయి వస్తే, ఇంటికి పోయి పాత డైరీల పెట్టె తెమ్మన్నాను.

మాది హుజూర్‌నగర్ వైపు. ఉద్యోగం కొత్తగా వచ్చి కొత్తకోటకు వేస్తే, సాలోళ్ల వాడలో ముందుగది కిరాయికి దొరికింది. నడిమి గదిలో మగ్గం. నేలను తవ్విన గుంతలో కాళ్లు పెట్టి, అంచున కూర్చుని నేసే మగ్గం అది. కాళ్ల కింద తొక్కుడు చెక్కలు, చేతిలో పేక పోగును అటూ ఇటూ దాటించే నాడె. పొద్దున నర్సయ్య నేస్తే మధ్యాహ్నం లచ్చమ్మ నేసేది. గుంత పక్కన, గోడవారగా చాప మీద అవ్వ. ఆమె ముందర రాట్నం. నాడెలో పెట్టే చిన్న కండెలకు నూలు చుట్టడం ఆమె పని.

మొదటి రోజు సాయంత్రం పెట్టె దింపుకుని లోపలికి రాగానే పలకరించింది.

"ఏ ఊరు బిడ్డా?"

"హుజూర్‌నగర్ దగ్గరవ్వా."

"అబ్బో, కిష్ట ఏటి పక్కకు. మా మేనత్త బిడ్డను గా దిక్కే ఇచ్చిండ్రు. దాని మొగడు మంచోడే గాని..."

ఆగింది. రాట్నం కూడా ఆగింది. పిడి మీద చెయ్యి అలాగే ఉంది, కళ్లు సగం మూసుకున్నాయి. ఏం మాట అంటుందోనని నేను కాసేపు నిలబడ్డాను. తర్వాత పోయి కాళ్లు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, లచ్చమ్మ ఇచ్చిన చాయ తాగుతూ గడప మీద కూర్చున్నాను. రాట్నం కిర్రుమంది.

"...ఉప్పు జాస్తి తింటడు" అంది అవ్వ.

లచ్చమ్మ మగ్గంలోంచి నవ్వింది. "నువ్వు ఫికర్ జెయ్యకు సారూ. మా అత్త మాటను యాడ ఇడుస్తదో ఆడ్నే మళ్ల దొరకవట్టుకుంటది."

దారం సంగతి నాకు రెండో రోజు కనబడింది. తొక్కుడు చెక్కకు కట్టిన గట్టి నూలుతాడు ఒకటి, గోడకున్న మేకు మీదుగా వచ్చి, అవ్వ కుడికాలి బొటనవేలికి ముడిపడి ఉంది. లచ్చమ్మ చెక్క తొక్కినప్పుడల్లా ఆ తాడు వేలిని కొద్దిగా గుంజుతుంది. వేలు కదిలినప్పుడల్లా అవ్వ ఊపిరి తీస్తుంది. అంతకుముందు అదే తాడు అదే మేకు మీదుగా పోయి మనుమరాలి తొట్టెలను ఊపేదట. ఆ వాడలో ప్రతి ఇంట్లోనూ తల్లులు నేస్తూ నేస్తూ పిల్లలను అలాగే ఊపుతారు. పిల్ల తొట్టెల దిగింది. తాడు అవ్వ కాలికి వచ్చింది.

"నిద్రల ఊపిరి మర్చిపోతది సారూ" అంది లచ్చమ్మ, సంతకు పోతే సంచి మర్చిపోతుందన్నంత మామూలుగా. "ఒకపారి తీస్తది, ఇగ తియ్యదు. మనం సూస్కుంట కూసోవాలె. జర గుంజితే యాదికొస్తది."

అవ్వ నల్లమందు వేసుకునేది. గుంతలో కాళ్లు పెట్టి ఏళ్లకేళ్లు నేసిన మోకాళ్లకు నొప్పులు, నూలు దుమ్ముకు దగ్గు. ఎవరో దీంతో రెండూ తగ్గుతాయన్నారట, తగ్గాయి కూడా. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు. సర్కారు దుకాణంలో చిట్టీ ఉన్నవాళ్లకే ఇచ్చేవారు, అవ్వకు చిట్టీ ఉండేది. పొద్దున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి ఇత్తడి డబ్బీ తీసి, గోటితో గిల్లి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా ఉండ చేసేది. ఆ ఉండకు ఆమె పెట్టిన పేరు నల్లోడు. "నల్లోడు రాలే ఇంక" అంటే డబ్బీ అందించమని.

ఆమె తెల్లగా, సన్నగా ఉండేది. చెవులకు బరువైన గంటీలు. వాటి బరువుకు తమ్మెలు సాగి, తూగినప్పుడల్లా ఊగేవి. కంటిపాప ఎంత చీకట్లో చూసినా చిన్న చుక్కే. ముక్కు గోక్కునే అలవాటు ఒకటి. నా చేతిలో సర్వే గొలుసు చూసి నన్ను గొలుసు సారు అని పిలిచేది.

"అదృష్టమంతురాలివి అవ్వా, ఎప్పుడు కావాలంటే అప్పుడు నిద్ర పడుతుంది నీకు" అన్నాను ఒకసారి.

ఆమె నా వైపు జాలిగా చూసింది. "నిద్రనా? నిద్రవోక ఎన్ని ఏండ్లాయెనో బిడ్డా. ఇది తూగు. నిద్రంటే బాయిల దునికినట్టు. అడుగు ముట్టి పైకొస్తవు. తూగంటే ఒడ్డుమీన కూసోని కాళ్లు తడుపుకునుడు. ఒళ్లు తడవది."

"రెండూ ఒకటే అనుకున్న."

"ఒకటెట్లయితది. నిద్రల కలలు వడ్తయి. తూగుల పడయి. పెత్తరమాసకు ఊర్లె అందరికి వాళ్ల పెద్దలు కలల కొస్తరు, అది తిన్న ఇది తిన్న అని జెప్పిపోతరు. నాకు ఒక్కరన్న రారు. మా అమ్మ మొకమే మర్చిపోయిన."

ఆ మాట అన్నాక ఆమె కళ్లు మూసుకుంది. తూగిందో, ఊరికే మూసుకుందో నాకు తెలియలేదు. లచ్చమ్మ కాలు మాత్రం చెక్క మీద ఆగలేదు.

అమావాస్య నాడు సాలోళ్లు మగ్గం ముట్టరు. మగ్గం ఆగితే తాడూ ఆగుతుంది. కాబట్టి ఆ రోజు అవ్వతో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. అది ఆ ఇంటి కట్టడి. పొద్దున నర్సయ్య, వంటయ్యాక లచ్చమ్మ. మధ్యాహ్నం తూగు ఎక్కువయ్యే వేళ ఎవరూ ఖాళీ ఉండరని, ఆ వంతు క్రమంగా నాకు వచ్చింది. అమావాస్య నాడు నేను క్యాంపు పెట్టుకునేవాణ్ణి కాదు. చాప చివర కూర్చుని, ఆమె మాట ఆగగానే "ఆ, తర్వాత?" అనడం నా పని. నా డైరీల్లో అమావాస్య పేజీలన్నీ అవ్వ మాటలే. మా ఆఫీసర్ల గురించి నేను చెబితే వాళ్లకు ఆమె మందులు చెప్పేది. తాసీల్దారు కోపానికి మెంతులు నానబెట్టి ఇవ్వమంది. నా పెళ్లి గురించి అడిగేది. "గొలుసు పట్టుకోని తిరుగుతవు, నీకు పిల్లనెవలిస్తరు. కొలిసి తీస్కపోతడని బుగులువడ్తరు" అనేది. రాత్రుళ్లు తాడు రెండో కొసను లచ్చమ్మ తన మణికట్టుకు కట్టుకుని పడుకునేది. ఆమె చెయ్యి ఆ నిద్రలోనే అటూ ఇటూ కదిలేదని నర్సయ్య చెప్పాడు.

నేను ఆ ఇంట్లో చేరిన ఏడు చలికాలంలో ఒక మధ్యాహ్నం, తాడు గుంజుతున్నా అవ్వ చాలాసేపు ఊపిరి తీయలేదు. ఆ మరునాడే లచ్చమ్మ ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. డాక్టరు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినాయన.

"ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారండీ అమ్మగారూ?" అన్నాడు.

అవ్వ వెనక్కి తిరిగి చూసి, "ఎవలినే అడుగుతాండు, నా ఎన్క ఎవలన్న ఉన్నరా?" అంది కోడలితో.

డాక్టరు నవ్వి, ఆమె రెప్పలెత్తి చూశాడు. గుండె విన్నాడు. తాడు సంగతి లచ్చమ్మ చెప్తుంటే రాస్తున్న కలం ఆపి మొత్తం విన్నాడు.

"ఆ తాడు తియ్యకండమ్మా" అన్నాడు. "మనం నిద్రపోయినా లోపల ఒకళ్లు మేలుకుని, ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో అని చెప్తూ ఉంటారు. నల్లమందు నొప్పినే కాదు, వాళ్లని కూడా జోకొడుతుంది. ఏళ్ల తరబడి వేసుకుంటే వాళ్లు సరిగ్గా మేలుకోనూ లేరు, ఈమె సరిగ్గా నిద్రపోనూ లేదు."

"అయితే గా లోపలోని నౌకరీ మా కోడలు జేస్తాందన్నట్టు" అంది అవ్వ.

"అవునండీ. కానీ ఒక్కసారిగా మానిపించొద్దు, తట్టుకోలేరు. కొంచెం కొంచెంగా తగ్గించాలి."

"ఇప్పుడు శెనగగింజంత ఏస్కుంటది సారు" అంది లచ్చమ్మ. "కందిగింజంతకు తేవాల్నా?"

డాక్టరు ఆలోచించి తలూపాడు. "తేవచ్చు. అది అలవాటయ్యాక?"

"ఎన్క పెసర. జొన్న. సజ్జ."

"ఆవగింజ దాకా వస్తే నాకొకసారి చూపించండి."

దారి పొడుగునా అవ్వ కోపంగా ఉంది. "అమ్మగారు అనుకుంటనే నా నల్లోన్ని గుంజుకుంటాండు" అంది. ఇంటి మలుపు దగ్గర మాత్రం ఆగి, నన్ను నెమ్మదిగా అడిగింది. "సారూ, అది బంద్ అయితే నిజంగ నిద్ర వడ్తదా? నిద్రంటే నిద్ర?"

పడుతుందనే డాక్టరు చెప్పాడన్నాను. అప్పటి నుంచి ఆమెకు ఏం కావాలో ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కసారి బాయి అడుగు ముట్టి రావాలి.

లచ్చమ్మ తన కొంగు చివర గింజలన్నీ మూటకట్టుకుంది. అవ్వ ఉండ చేశాక, పక్కన గింజ పెట్టి సరిచూసేది. అమావాస్య అమావాస్యకు గింజ మారాలని పెట్టుకున్నారు. ఒక్కో గింజ దగ్గర రెండు అమావాస్యలు కూడా ఆగవలసి వచ్చేది. కందిగింజ వరకు అవ్వ పోట్లాడుతూ వచ్చింది. పెసర దగ్గర పోట్లాట మానేసింది. అది ఇంకా కష్టంగా ఉండేది చూడటానికి. ఆవలింత మీద ఆవలింత. ముక్కు, కళ్లు కారేవి. ఎండాకాలంలో ఒళ్లు జలదరించేది. కాళ్లు తనంతట అవే తన్నుకునేవి. తూగు కూడా పోయింది, నిద్ర రాలేదు. "రెండిండ్ల సుట్టాన్నయిన, ఏ ఇంట్ల బువ్వ వెడ్తలేరు" అనేది. పగటి మాటలు మాత్రం ఇప్పుడు ఎక్కడా ఆగకుండా చివరి దాకా వచ్చేవి. మధ్యలో ఆగకపోవడం మొదట్లో మాకే వింతగా ఉండేది.

అప్పుడే ఆ తప్పు జరిగింది. ఆ రోజు పాత పడుగు అయిపోయి కొత్త పడుగు అతుకుతున్నారు. పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలేస్తారు. పోగుకు పోగు, వందల పోగులు. ఆ పని అయ్యేదాకా చెక్క తొక్కరు. నర్సయ్య నూలు నానబెట్టడానికి బయటికి పోయాడు. లచ్చమ్మ ఒక్కతే, అవ్వకు వీపు పెట్టి, మెడ వంచి పోగులు అతుకుతోంది. ఎండ ముదిరిందని నేను పొలాల నుంచి తొందరగా తిరిగి వచ్చాను. గడప దాటుతూనే చూశాను. తాడు గోడ పొడుగునా వేలాడుతోంది. అవ్వ గోడకు ఒరిగి ఉంది. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

"లచ్చమ్మా, అవ్వను చూడు."

లచ్చమ్మ వెనక్కి తిరిగింది. అత్త దగ్గరికి పరుగెత్తలేదు. గుంతలోకి దిగింది. దిగి చెక్కలు తొక్కసాగింది. అప్పటిదాకా అతికిన పోగులు టపటపమని ఊడిపోతున్నాయి, తెగిపోతున్నాయి. ఆమె చూడలేదు. తాడు బిగిసింది, వేలు కదిలింది. నేను అవ్వను లేపి కూర్చోబెట్టి, చెవి దగ్గర అరిచాను, భుజాలు పట్టి ఊపాను, మొహాన నీళ్లు కొట్టాను. పడుగులేని మగ్గం చప్పుడు వేరుగా ఉంటుంది. అది విని పక్కింటి వాళ్లు గడపలోకి వచ్చి నిలబడ్డారు. లచ్చమ్మ తొక్కుతూనే ఉంది. "తీయ్ అత్తా. తీయ్. తీస్కో" అంటోంది.

బాయిలో చేద మునిగినప్పటి చప్పుడుతో అవ్వ ఊపిరి తీసింది. కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత చాలాసేపు మేము అలాగే ఆమెను కూర్చోబెట్టి పలకరిస్తూ, గిల్లుతూ ఉన్నాం. చివరికి కళ్లు తెరిచింది.

"ఎవలే గట్ల తొక్కుతాండ్రు" అంది. "పడుగు తెగుతది."

పొద్దుగూకాక సంగతి బయటపడింది. తల్లి కాళ్లు తన్నుకోవడం చూడలేక నర్సయ్య పొద్దున ఎవరికీ చెప్పకుండా ఇంకో పెసరగింజంత ఇచ్చాడు. అత్త ఆవలింతలు చూడలేక లచ్చమ్మ మధ్యాహ్నం ఇంకొకటి ఇచ్చింది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, జాలితోనే. తక్కువకు అలవాటుపడుతున్న ఒళ్లు, పొద్దుటి మామూలు వంతుతో కలిపి ఆ మూడింటినీ మోయలేకపోయింది. నర్సయ్య తలవంచుకుని కూర్చున్నాడు. తెగిన పడుగు ముందర లచ్చమ్మ ఏడుస్తోంది.

"ఊకోండ్రి" అంది అవ్వ. "నన్ను ముద్దుగనే సాగనంపుదామనుకున్నరు గాని, వంతులు సరిగ వెట్టుకోలే. గా డబ్బీ సారుకియ్యిండ్రి. ఆయన గొలుసు మనిషి. జాలి లేదు."

ఆ విధంగా డబ్బీ నా సర్వే పెట్టెలోకి వచ్చింది. ఆ తర్వాత రెండు మూడు నెలలు అవ్వ నా మీద చేయని ప్రయోగం లేదు. మొదట పొగిడింది. నా అంత నిజాయితీ గల మనిషిని పాలమూరు జిల్లాలోనే చూడలేదంది. నేను గింజ పెట్టి సరిచూస్తుంటే, "గీ సజ్జగింజ ఎవని సేన్లదిరా అయ్య, పిట్టలు గూడ ముట్టవు" అంది. తర్వాత పెళ్లి సంబంధం తెచ్చింది. పిల్ల వనపర్తిలో ఉందట, చక్కటి పిల్లట, ఇంకో గింజంత ఇస్తే పిల్ల పేరు చెబుతుందట.

"పేరు చెప్పు ముందు" అన్నాను.

"ముందు నువ్వియ్యి."

"అట్లయితే నాకు పెండ్లొద్దవ్వా."

"నీకే మంచిది తియ్యి. గా పిల్ల గూడ ఉప్పు జాస్తి తింటది" అంది.

వర్షాలు పడి, నడిమి గది నిండా తడి నూలు వాసన ఉన్న రోజుల్లో ఆవగింజకు వచ్చాం. దవాఖానకు పోయి చూపిస్తే డాక్టరు సంతోషపడ్డాడు. ఇక ఎప్పుడు ఆపినా ఫరవాలేదన్నాడు. ఊపిరి బాగానే ఉందన్నాడు. కానీ నిద్ర మాత్రం రాలేదు. తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని వాసాలు చూస్తూ పడుకునేది. "అడుక్కునెటోనికి గూడ వడ్తది నిద్ర" అంది ఒక పొద్దున. మొదటిసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. మేమంతా కలిసి ఆమె దగ్గరున్నది లాక్కున్నామనీ, ఇస్తామన్నది ఇవ్వలేకపోయామనీ నాకు అనిపించింది. లచ్చమ్మకు కూడా అదే అనిపించి ఉంటుంది. డబ్బీ నా దగ్గరే ఉందా అని రెండుసార్లు అడిగింది.

పెత్తరమాస వచ్చింది. పెద్దలకు బియ్యమిచ్చే రోజు, సాయంత్రం బతుకమ్మ మొదలయ్యే రోజు. అమావాస్య కాబట్టి మగ్గం లేదు. లచ్చమ్మ పొద్దుటి నుంచీ వండింది. గోడవారగా విస్తర్లు వేసి, చనిపోయిన పెద్దలందరి పేరా వడ్డించారు. నేను ఆవగింజంత ఉండ తెచ్చి అవ్వ అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. కంటికి సరిగ్గా ఆనేది కాదు, అంత చిన్నది. లేచి, గోడ పట్టుకుని నడిచి, తన భర్త పేర వేసిన విస్తరి దగ్గర వంగి, అన్నం మీద పెట్టింది.

"బతికున్నప్పుడు మోకాళ్లు గుంజుతున్నయి, జర ఇయ్యవే అంటె ఇయ్యకపోతి" అంది. "ఇగో, తిను."

"అమ్మా, ఆ విస్తరి కాకికి వెడ్తం. కాకి తిని పడిపోతే పెద్దలు అలిగిండ్రంటరు వాడోళ్లు" అన్నాడు నర్సయ్య.

"పడనియ్యి. మీ నాయిన గూడ కల్లు తాగి గట్లనే పడుతుండె."

అవ్వ అటు తిరగగానే లచ్చమ్మ ఆ ఉండను తీసి పొయ్యిలో వేసింది. కాకికి పెట్టి, మేం తిన్నాం. అవ్వ కూడా ఎన్నడూ లేనంత తిన్నది. తిని చాప మీద ఒరిగింది. మాట మధ్యలో కాదు, మాట పూర్తి చేసి, "బూరెలు మంచిగయినయే పిల్లా" అని, పక్కకు తిరిగి పడుకుంది.

కాసేపటికి నర్సయ్య వచ్చి చూసి నన్ను పిలిచాడు. అవ్వ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గంటీలు కదలడం లేదు. పిలిస్తే పలకలేదు. లచ్చమ్మ అప్పటికే తాడు తెచ్చి ఆమె వేలికి ముడివేసి, రెండో కొస చేత పట్టుకుని కూర్చుంది. మగ్గం లేదు. మా ముగ్గురికీ ఒకే రోజు గుర్తుకొస్తోంది.

"గుంజు" అన్నాడు నర్సయ్య.

లచ్చమ్మ చెయ్యి లేచింది. ఆమె అత్త పక్కటెముకల వైపు చూస్తోంది. అవి లేచాయి, దిగాయి. ఆగాయి. మళ్లీ లేచాయి. తొందర లేకుండా, ఎవరూ గుంజకుండా.

"గుంజవేందే, ఏమన్న అయితే?"

"ఊకో. మంచిగ తీస్తాంది."

"ఎప్పుడు గింత సేపు పండుకోలే."

"అందుకే ఊకోమంటున్న. నేను గుంజితే లేస్తది. లేస్తే మల్ల ఎన్నడు వడ్తదో." చెయ్యి మెల్లగా దించి ఒళ్లో పెట్టుకుంది. తాడు మాత్రం వదల్లేదు.

సాయంత్రం పక్కింటి ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వచ్చి, "లచ్చమ్మా, రావా?" అని పిలిచారు. నేను గడప దగ్గరికి పోయి, అవ్వ నిద్రపోతోందని చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఎండాకాలపు మధ్యాహ్నం ఉత్త మగ్గం చప్పుడు విని వచ్చినవాళ్లు అందులో ఉన్నారు. "తూగా, నిద్రనా?" అని అడిగింది ఒకామె. నిద్రే అన్నాను. ఆ ఏడు మా ఇంటి ముందర బతుకమ్మ ఆడిన వాళ్లు పాట సగం గొంతుతో పాడారు. చప్పట్లు వేళ్ల కొసలతో కొట్టారు.

నేను డైరీలో ఆ మూడు ముక్కలు రాసి, ఇక ఏం రాయాలో తోచక మూసేశాను.

మరునాడు పొద్దున నేను లేచేసరికి నడిమి గదిలోకి ఎండ వచ్చింది. లచ్చమ్మ కూర్చున్న చోటే, గోడకు ఆనుకుని, తాడు వేళ్ల మధ్య ఉండగానే కునుకుతోంది. నర్సయ్య బిడ్డను ఎత్తుకుని గడప మీద ఉన్నాడు. అవ్వ కళ్లు తెరిచి ఉన్నాయి. బుగ్గ మీద చాప అచ్చు పడి ఉంది.

"కల వడ్డది" అంది.

లచ్చమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఎవలొచ్చిండ్రత్తా? మీ అమ్మనా?"

"అమ్మ యాడిది. మా అత్తొచ్చింది. గా మూలకు నిలవడ్డది, నడుము మీన చెయ్యి వెట్టుకోని. ఏమే, పొద్దెక్కింది, ఇంక పండుకున్నవా, కండెలు నీ అయ్య సుడ్తడా అని తిట్టింది. నేనన్న, అత్తా, జర..."

ఆగింది.

ముగ్గురం కదల్లేదు. నేను ఆమె పక్కటెముకల వైపు చూశాను. లచ్చమ్మ వేళ్లు తాడు మీద బిగిశాయి.

అవ్వ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. బోసినోటితో నవ్వింది. "ఉన్ననే, ఉన్న. ఎన్ని ఏండ్లాయెనో ఆమె తిట్లు యినక, మనసు ఆగుతలేదు అంతే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అత్తా, జర ఆగు, కోడలు తాడు ఇప్పినంక లేస్త అన్న."

లచ్చమ్మ వంగి అత్త వేలికున్న ముడి విప్పింది. ముడి పడిన చోట వేలు చుట్టూ తెల్లటి గీత ఉంది, ఎన్నో ఏళ్లు ఉంగరం పెట్టుకున్న వేలికి ఉన్నట్టు. దాన్ని బొటనవేలితో కాసేపు రుద్దింది. అమావాస్య దాటింది కాబట్టి, మొహం కడుక్కుని వచ్చి గుంతలో దిగింది. నాడె అందుకుంది. తాడు చుట్టి మేకుకు తగిలించి ఉంది.

చెక్క తొక్కి, ఆగింది. పక్కకు చూసింది.

అవ్వ రాట్నం ముందర కూర్చుని, కుడికాలు చాపి, తాడు వైపు చూస్తోంది.

"ఇగ అక్కెర లేదు గదత్తా" అంది లచ్చమ్మ.

"అక్కెరకేనా ఏంది. కట్టు" అంది అవ్వ. "నువ్వు నేస్తాన్నవని నాకెరుకుండాలె గద."